కొయ్యలో వంకర, చేతిలో తొందర

మా పఠన మందిరంలో మూడు అద్దాలు పగిలాయి. నష్టం పెద్దది కాదు. కాని అవి పగిలిన కారణం వెతుక్కుంటూ పోతే మా నోటి దగ్గర తేలింది. ధమ్మ మిత్రులకు ఆ సంగతి చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు.

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటును దోముహాని అంటారు. ఆ దగ్గరలోనే, సోనారి వైపు ఒక బస్తీలో, పిల్లలు చదువుకోవడానికి ఒక గది కట్టుకున్నాం. శ్రీకాకుళం, విజయనగరం వైపుల నుంచి తాతల కాలంలో కూలికి వచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు. పిల్లలకు కూర్చుని చదువుకునే చోటు మాత్రం లేదు. అందుకని తలా కొంత వేసుకుని ఆ గది లేపాం. గదికి ఆరు కిటికీలు. కిటికీకి రెండు రెక్కలు. రెక్కకు నాలుగు పట్టెలు. మొత్తం నలభై ఎనిమిది పట్టెలు.

రెక్కలో అద్దం నిలవాలంటే పట్టె లోపలి అంచున మెట్టు ఆకారంలో ఒక కోత కోయాలి. అద్దం ఆ మెట్టు మీద ఆనుకుంటుంది. దాని మీద సన్నటి కొయ్య బద్దీ పెట్టి చిన్న మేకులు దిగేస్తారు. ఆ కోతను మన వడ్రంగులు రిబేటు అంటారు, ఇక్కడి హిందీ వాళ్లు పతామ్ అంటారు. తలుపు మూసినప్పుడు ద్వారబంధంలో ఒదిగి కూర్చునేది కూడా ఇలాంటి కోతలోకే. మన ఇళ్లలో గోడకు తగిలించిన బాబాసాహెబ్ పటాన్ని తిప్పి చూడండి. అద్దమూ బొమ్మా వెనక అట్టా కలిసి కూర్చున్నది రిబేటులోనే. రోజూ కళ్ల ముందు ఉన్నా ఎవరూ చూడని పని అది.

ఈ పని మా బస్తీ కుర్రాడొకడికి అప్పగించాం. పద్దెనిమిదేళ్లవాడు. పదో తరగతి అయ్యాక చదువు ఆగింది. అతని కాగితాల కోసం మేమే రెండేళ్లు తిరిగాం. లా చదివిన వాళ్లం కనుక మాకు తెలిసిన పని అదే. 1990లో పార్లమెంటు చట్టం సవరించి బౌద్ధం తీసుకున్న షెడ్యూల్డు కులాలవారి హక్కును నిలబెట్టింది. అదే 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఒక రాష్ట్రంలో షెడ్యూలులో ఉన్నవాడు మరో రాష్ట్రానికి వలసపోతే ఆ హోదా వెంట రాదని చెప్పింది. ఒకే ఏడాది ఒక తలుపు తెరుచుకుంది, ఒక తలుపు మూసుకుంది. తాత శ్రీకాకుళంలో పుట్టాడు, మనవడు జంషెడ్‌పూర్‌లో పుట్టాడు. వీధిలో కులం పేరు పెట్టి పిలవడానికి ఎవరికీ ఏ సర్టిఫికెట్టూ అక్కరలేదు. కాలేజీలో సీటుకు మాత్రం కావాలి. ఆ కాగితం రాలేదు. కనీసం చేతిలో ఒక పనైనా ఉండాలని వడ్రంగం నేర్చుకోమన్నాం.

నేర్పడానికి ఒప్పుకున్నది డెబ్బై దాటిన ఒక మేస్త్రీ. ఫౌండ్రీలో కొయ్య నమూనాలు చేసి రిటైరైన మనిషి. మన ఊరు ఉక్కు ఊరని అందరికీ తెలుసు. 1907లో కంపెనీ పుట్టింది, 1912లో మొదటి ఉక్కు పోశారు, సాక్చి అనే పల్లె 1919లో జంషెడ్‌పూర్ అయింది. కాని ఇసుక అచ్చులో ఏదైనా లోహభాగం పోతపోయాలంటే ముందు కొయ్యతో దాని నమూనా చేయాలి. ఆ నమూనాను ఇసుకలో అదిమి తీస్తే ఏర్పడిన ఖాళీలోనే కరిగిన లోహం పోస్తారు. పోతయినుము చల్లారితే అడుగుకు సుమారు అంగుళంలో ఎనిమిదో వంతు తగ్గుతుంది, ఉక్కు దాదాపు పావు అంగుళం తగ్గుతుంది. నమూనా చేసేవాడు ఆ తగ్గబోయేదంతా ముందే లెక్కవేసి కొయ్యను అంత పెద్దగా చెక్కాలి. ఇంత ఇనుప ఊళ్లో ఇనుముకు ఆకారం చెప్పింది కొయ్య చెక్కే చేయి అని మేస్త్రీ గారి మాటల వల్లనే మాకు తెలిసింది.

కుర్రాడు నాలుగు నెలలు ఆయన దగ్గర కూర్చున్నాడు. రంపం పట్టడం, మూలమట్టం చూడటం, ఉలికి పదును పెట్టడం వచ్చాయి. రిబేటు రందా అప్పుడప్పుడే మొదలుపెట్టాడు. ఇంతలో మేస్త్రీ గారు ఊళ్లో పెళ్లి ఉందని శ్రీకాకుళం వెళ్లారు. ధమ్మచక్ర ప్రవర్తన దినం దగ్గర పడింది. అక్టోబరు 14న గది తెరవాలని మేము నలుగురికీ చెప్పేశాం. కార్డులు కూడా పంచేశాం.

"మేస్త్రీ తాత వచ్చాక చేద్దాం సార్. రందా నాకింకా చేతిలో కూర్చోలేదు," అన్నాడు కుర్రాడు.

"నీకు వచ్చినంత చాలు. కానీయ్," అన్నాం.

ఆరు రోజుల్లో నలభై ఎనిమిది పట్టెలకూ రిబేటు కోసి, రెక్కలు జతచేసి, అద్దాలు బిగించాడు. బిగిస్తున్నప్పుడే రెండు అద్దాలు చిట్లాయి. వాటిని మార్చాం. ప్రారంభం నాటి సాయంత్రం, త్రిశరణం, పంచశీల అయ్యాక, గాలికి కిటికీ రెక్క కొట్టుకుని మూడో అద్దం పగిలింది. ముక్కలు పిల్లల మధ్య పడ్డాయి. ఎవరికీ గుచ్చుకోలేదు. అందరూ మా వంక చూశారు. మేము కుర్రాడి వంక చూశాం.

"పని రాని చేతులు పెడితే ఇంతే," అన్నాం. నలుగురిలో, మైకు పక్కనే.

అతను మాట్లాడలేదు. చీపురు తెచ్చి గాజు ముక్కలు ఎత్తాడు. మర్నాటి నుంచి రాలేదు. గ్రిల్స్ వెల్డింగ్ చేసే దుకాణంలో కూలికి చేరాడని తెలిసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మాట మాకు కొత్త కాదు. పదేళ్ల వయసులో మా ఊళ్లో వడ్రంగి పాక ముందు నిలబడి, చిత్రిక పట్టిన చోట రాలుతున్న పొట్టు చూస్తుండేవాళ్లం. చుట్టలు చుట్టుకుని పడే ఆ పొట్టు వాసన ఇప్పటికీ గుర్తే. ఒకనాడు ఎవరూ లేరని చిత్రిక చేతిలోకి తీసుకున్నాం. పాకలోంచి కేక వినబడింది. మీ చేతులకు ఈ పని రాదురా, పెట్టు అక్కడ, అన్నారు. పెట్టాం. దాని మీద నీళ్లు చల్లి లోపలికి తీసుకుపోయారు. ఆ మాట నలభై ఏళ్లు మాలోనే ఉండి, ఆ సాయంత్రం మా నోటి నుంచే మన పిల్లవాడి మీద పడింది. 22 ప్రతిజ్ఞలు చదివిన నోరే అది.

వారం తర్వాత మేస్త్రీ గారు వచ్చారు. మేము చెప్పింది విని, మాట్లాడకుండా రెక్క ఒకటి ఊడదీసి బల్ల మీద పెట్టారు. రిబేటు మూల వెంట గోరు పెట్టి లాగారు.

"సూడండి బాబూ. మూల నిండా నార మిగిలిపోయింది. అద్దం మెట్టు మీద కూకోలేదు, ఈ నార మీద కూకుంది. బద్దీ మీద మేకు కొట్టేసరికి అద్దం ఒక్క సోటే బరువు మోసింది. పగలదేటి మరి?"

పట్టె అంచుకు మూలమట్టం ఆనించి మెట్టు గోడ చూపించారు. నిలువుగా ఉండాల్సిన గోడ పక్కకు వాలింది. దగ్గరగా చూస్తే గోడ వెంట చిన్న చిన్న మెట్లు కనబడ్డాయి. రందాకు ఉన్న బ్లేడు పక్క అంచు, రందా ఒంటి కంటే వెంట్రుకవాసి బయటికి ఉండాలట. లోపలికి ఉంటే ఒక్కో లాగుకూ రందా కొంచెం కొంచెం బయటికి జరుగుతుంది, గోడ మెట్లు మెట్లుగా దిగుతుంది. కుర్రాడికి ఆ పాఠం ఇంకా చెప్పలేదని మేస్త్రీ గారే అన్నారు.

"ఈ తప్పు ఆడిది కాదు బాబూ. తొందర ఎవరిదో ఆరిది."

తొందర మాదే. మేము కుర్రాణ్ణి పిలుచుకొస్తామన్నాం. ఆయన తల అడ్డంగా ఊపారు. "ముందు మీరు ఒక్క పట్టె కొయ్యండి. అప్పుడెళ్లి మాట్లాడండి."

యాభై దాటిన చేతులతో అలా రందా పట్టాం. 78 నంబరు రందా అది. దానికి రెండు ఆనుకలు ఉంటాయి. పక్కనుండేది పట్టె అంచును పట్టుకుని సాగి, కోత వెడల్పు దాటకుండా చూస్తుంది. రెండోది, అనుకున్న లోతు రాగానే పట్టె మీద ఆనుకుని ఇక దిగకుండా ఆపుతుంది. మామూలు చిత్రికలో బ్లేడుకు రెండు పక్కలా కొయ్యో ఇనుమో ఉంటుంది కనుక అది మూల దాకా కోయలేదు. రిబేటు రందాలో బ్లేడు అడుగు మొత్తం వెడల్పునా ఉంటుంది. అందుకే మూలలోకి పోగలదు.

అన్నీ ఉన్నా మా మొదటి పట్టె చెడింది. బలమంతా కుడిచేతిలో పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపున తోశాం. రందా గీత తప్పి పక్కకు పోయింది. మేస్త్రీ గారు పట్టె తిప్పి చూపించారు. మొదలు పెట్టాల్సింది అవతలి చివర. అక్కడ జానెడు మేర కోసి, వెనక్కి జరిగి మరో జానెడు, అలా ఇవతలి చివర దాకా రావాలి. అప్పుడు ప్రతి లాగూ ముందే కోసి ఉన్న దారిలోకి పోయి కలుస్తుంది. దారి పడ్డాకే నిండు పొడవున తోయాలి. ఎడమచేయి ఆనుకను పట్టెకు అదిమి పట్టడానికి, కుడిచేయి తోయడానికి మాత్రమే. కుడిచేయి నడిపించబోతే రందా వాలుతుంది. మొదటి నాలుగు లాగుల్లో వాలితే ఆ వాలు చివరి దాకా పోతుంది. ఎంత నొక్కినా తర్వాత సరికాదు.

కొయ్య సాల్. ఇక్కడివాళ్లు సఖువా అంటారు. దీని నార ఒక దిక్కున పోదు, ఒక పొర ఇటు, ఒక పొర అటు. ఒక వైపు నున్నగా లేచిన చోటే మరో జానెడు పోయాక పెచ్చులూడుతుంది. బ్లేడు చాలా పదునుగా, కోత చాలా పలచగా ఉండాలి. తథాగతుడు కుసినారలో జంట సాల వృక్షాల మధ్య పరినిర్వాణం పొందాడని ఏళ్ల తరబడి ఉపన్యాసాల్లో చెప్పాం. ఆ చెట్టు ఎంత గట్టిదో మా అరచేతికి అప్పుడే తెలిసింది.

మూడో ఆదివారానికి ఒక పట్టె కుదిరింది. గోడ నిలువు, అడుగు చదును, మూల శుభ్రం. నలభై ఎనిమిదిలో ఒకటి. దానికి మాకు పట్టింది మూడు వారాలు.

అంగుత్తర నికాయంలో పచేతన సుత్తం ఉంది. పచేతనుడనే రాజు తన రథకారుణ్ణి పిలిచి, ఆరు నెలల్లో యుద్ధం, జత చక్రాలు కావాలన్నాడు. ఆరు నెలలకు ఆరు రోజులు తక్కువ ఉండగా రథకారుడు ఒక్క చక్రమే పూర్తిచేశాడు. రెండోది మిగిలిన ఆరు రోజుల్లో చేసి జత అప్పగించాడు. రాజుకు రెండింటికీ తేడా కనబడలేదు. రథకారుడు దొర్లించి చూపించాడు. ఆరు రోజుల చక్రం ఊపు ఉన్నంతసేపు పోయి పడిపోయింది. రెండోది ఊపు అయిపోయాక కూడా ఇరుసులో ఉన్నట్టు నిలబడింది. మొదటిదాని కమ్మీలో, ఆకుల్లో, కుండలో వంకరలు మిగిలిపోయాయి, అంతే. ఆ కాలంలో కొయ్య వంకరలు తెలిసిన ఆ రథకారుణ్ణి నేనే, ఇప్పుడు శరీరం, మాట, మనసు వంకరలు తెలిసినవాణ్ణి అని బుద్ధుడు భిక్షువులతో అంటాడు. పూర్వజన్మ కథగా మేము దీన్ని తీసుకోం. బాబాసాహెబ్ చూపిన దారిలో చదివితే ఇందులో మరో సంగతి ఉంది. అదే పాలీ గ్రంథాలు నీచ కులాల జాబితా చెప్పినప్పుడు చండాలుడి వరసలోనే రథకారుణ్ణీ లెక్కిస్తాయి. లోకం నీచమన్న ఆ పనివాడి చోట బుద్ధుడు తన్ను నిలబెట్టుకున్నాడు.

అప్పుడు నీచుడైన కొయ్యపనివాడి వారసులు మన తెలుగు ఊళ్లలో జంధ్యం వేసుకుని, మమ్మల్ని పాక ముందు నుంచి తరిమారు. మెట్లు మారినా నిచ్చెన పోలేదు. శ్రేణీకృత అసమానత అని బాబాసాహెబ్ చెప్పింది ఇదే. కింద ఇంకొకడు ఉన్నాడన్న తృప్తితో ప్రతివాడూ నిచ్చెనను మోస్తాడు. చదువుకున్న మేమూ ఆ సాయంత్రం దాన్ని మోశాం. మాకంటే కింద ఉన్నవాడు ఆ కుర్రాడే.

మేస్త్రీ గారిదీ ఆ వడ్రంగి కులమే. పొట్టు ఊడుస్తూ ఒకనాడు ఆయనే అన్నారు. "మా తాతైతే మీకు ఈ రందా ముట్టనిచ్చేవోడు కాదు బాబూ. నేనూ సిన్నప్పుడు అలాగే ఉండేవోణ్ణి. కార్ఖానాలో పక్క బల్ల మీద మీవోడు నాకంటే బాగా నమూనా సేసేవోడు. ఆడి దగ్గిరే కొన్ని నేర్సుకున్నాను." అంతకంటే ఆయనేమీ అనలేదు, మేమూ అడగలేదు.

మా పట్టె పట్టుకుని కుర్రాడి ఇంటికి వెళ్లాం. మమ్మల్ని చూడగానే అతను లేచి నిలబడ్డాడు.

"అద్దాల డబ్బు నెలాఖరుకి ఇచ్చేస్తాను సార్," అన్నాడు.

డబ్బు కోసం వచ్చామనుకున్నాడు. ఆ మాటకు మాకు నోట మాట రాలేదు. కాసేపటికి, తప్పు నీది కాదు, తొందరపెట్టింది మేము, అనకూడని మాట అన్నదీ మేమే అని చెప్పాం. అతను తల వంచుకుని విన్నాడు. అతని తల్లి గుమ్మంలో నిలబడి ఉంది.

"నలుగురిలో అన్నారు బాబూ," అంది. "నలుగురిలోనే సెప్పండి."

న్యాయం చదివిన మాకు ఆమె చెప్పినంత సూటి తీర్పు ఎక్కడా దొరకలేదు. వర్షావాసం ముగిసిన పున్నమి నాడు భిక్షువులు పవారణ చేస్తారు. నాలో చూసిన, విన్న, అనుమానించిన తప్పు ఏదైనా ఉంటే దయతో చెప్పండని ఒకరినొకరు అడుగుతారు. వయసులో పెద్ద భిక్షువూ అడుగుతాడు. ఏటా ఆ రోజున దాని గురించి ప్రసంగించేవాళ్లం. ఒక్కసారీ చేయలేదు.

తర్వాతి ఆదివారం వందన అయ్యాక లేచి నిలబడ్డాం. అద్దం పగలడానికి కారణం మేము పెట్టిన గడువని, ఆ రోజు అన్న మాట సమ్మా వాచకు విరుద్ధమని, అది కులం నేర్పిన మాటని చెప్పాం. చెప్పినంతసేపూ గొంతు వణికింది. కుర్రాడు వెనక వరసలో ఉన్నాడు. వచ్చాడని చెప్పడం అయ్యాకే చూశాం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అదే బాగుంది.

ఆ మధ్యాహ్నం అతను రెక్కలన్నీ తిరగేసి చూశాడు. జతచేసిన రెక్కలో రందా మూల దాకా పోదు, ముందున్న పట్టె అడ్డొస్తుంది. కనుక పొడవంతా రందాతో సరిచేసి, మూలలు ఉలితో శుభ్రం చేయాలి. మేస్త్రీ గారు బ్లేడు వెంట్రుకవాసి బయటికి పెట్టడం చూపించారు. ఇప్పుడు అతను ఆదివారాలు మాత్రమే వస్తున్నాడు. మిగతా రోజులు వెల్డింగ్ దుకాణమే. వడ్రంగం పూర్తిగా తీసుకుంటాడో లేదో తెలియదు. ఇంట్లో కూలి డబ్బు కావాలి. ఈసారి మేము గడువు చెప్పలేదు, సలహా కూడా ఇవ్వలేదు. ఇది రాసేనాటికి నాలుగు కిటికీలు అయ్యాయి. మిగతా రెండింటికి అట్టముక్కలు అడ్డం పెట్టి పిల్లలు చదువుకుంటున్నారు.

సంయుత్త నికాయంలో ఇంకో ఉపమానం ఉంది. వడ్రంగి బాడిస పిడి మీద వేళ్ల గుర్తులు పడతాయి. ఈ రోజు ఇంత అరిగింది, నిన్న ఇంత అరిగింది అని అతనికి తెలియదు. అరిగాక అరిగిందని మాత్రం తెలుస్తుంది. మనలోని మలినాలూ అలాగే పోతాయని తథాగతుడు చెప్పాడు. మేస్త్రీ గారి రందా పిడి మీద ఆయన బొటనవేలి పల్లం ఉంది. మొన్న కుర్రాడు ఆ రందా పట్టుకున్నప్పుడు అతని వేలు ఆ పల్లంలోనే కూర్చుంది. మేస్త్రీ గారు చూశారు. "అలా కాదురా, ఎడంసెయ్యి అదుము," అని మాత్రం అన్నారు.

అతను ఎడమచేయి అదిమాడు. అవతలి చివర నుంచి మొదలుపెట్టాడు.

జై భీమ్. నమో బుద్ధాయ.